ఇడ్లీ బండి పేరమ్మ, కంచె అవతలి దొరసాని

అమెరికా నుంచి వచ్చి నెల దాటింది. కనబడినవాళ్లంతా "మంచు పడిందా? పెద్ద మేడలు చూశావా?" అని అడుగుతున్నారు. మంచు పడలేదు, నేను వెళ్లింది ఎండలు మొదలయ్యే కాలం. మేడలు దూరం నుంచి చూశాను. నేను దగ్గరగా చూసినవి వేరే. అవి చెప్పబోతే ఎవరూ సగం దాటి వినడం లేదు. అందుకని రాస్తున్నాను. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, చేత్తో ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి.

నా పేరు ఏడుకొండలు. ఆ పేరు మా వీధి దాటితే ఎవరికీ తెలీదు. పేరమ్మ అంటే తెలుస్తుంది. ఇడ్లీ బండి పేరమ్మ, నేను కట్టే ఆడవేషం. మా ఊరి కేబుల్ టీవీలో సాయంత్రం వార్తలకి ముందు పది నిమిషాలు వచ్చేది. నెరిసిన విగ్గు, ముతక నేత చీర, చేతిలో గరిటె. బండి దగ్గరికి వచ్చినవాణ్ణి ఆవిడ ఊరికే తిననివ్వదు. "ఏం చేస్తావు? జీతం ఎంత? పెళ్లయిందా? ఎందుకవలేదు?" అన్నీ చెబితేనే రెండోసారి చట్నీ. టీవీలో ఆరేళ్లు, స్టేజీ మీద పదిహేనేళ్లు నాకు అన్నం పెట్టింది ఆవిడే.

మాది పగటివేషాల కుటుంబం. మా నాన్న ఊరూరా తిరిగి ఇళ్ల ముందు వేషం ఆడేవాడు. ఆయన నాకు రెండు మాటలు చెప్పాడు. వేషం కట్టాక, రంగు కడుక్కునేదాకా సొంత మాట మాట్లాడకూడదు. ఇంటికి నిప్పంటుకున్నా ఆ వేషం గొంతుతోనే కేకేయాలి. రెండోది, ఊరొదిలే రోజు ఉత్త మొహంతో గడపగడపకీ వెళ్లి, "ఆటలో ఏమన్నా అనుంటే మన్నించండి" అని చెప్పి రావాలి. ఆ మాట చెప్పకుండా వెళితే ఆ ఊరు మళ్లీ తొక్కకూడదు.

విమానం దిగగానే

ఈ ఏడు, అంటే 2009లో, ఒక పాటల బృందంతో పాటు నన్నూ అమెరికాలో మూడు ఊళ్లకి తీసుకెళ్లారు. తీసుకెళ్లింది రమణ. హైదరాబాదు మనిషి, నలభై ఏళ్లుంటాయి, ఫోను చెవికి అతికించుకుని పుట్టినట్టు ఉంటాడు.

విమానం దిగాక ఒక ఆఫీసరు నా పెట్టె తెరిచాడు. ముందు గరిటె తీశాడు. సరే. విగ్గు తీశాడు, ఏదో జంతువు అనుకున్నాడేమో, రెండు వేళ్లతో పట్టుకున్నాడు. ఆ తర్వాత పేరమ్మ జాకెట్టు బయటికొచ్చింది. దాని ముందు భాగంలో మా ఆవిడ బూరుగు దూది కూరి కుట్టింది. ఆయన దాన్ని నొక్కాడు. ఇంకో ఆఫీసరమ్మని పిలిచాడు. ఆవిడా నొక్కింది. వెనక వరసలో జనం. నాకు ఇంగ్లీషు రాదు, రమణ ఎక్కడో ముందున్నాడు. ఏం చేయను? విగ్గు తీసుకుని నెత్తిన పెట్టుకుని, గరిటె పట్టుకుని, నడుం మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఆ ఆఫీసరమ్మ నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుంది. అన్నీ మడతపెట్టి ఇచ్చేసింది. అమెరికాలో నా మొదటి ఆట అదే. బాగానే ఆడింది.

ఆష్‌బర్న్

ఈ ఊరు మన ఊరిలా ఉండదు. వీధిలో మనిషి కనబడడు. కిటికీల్లేని పెద్ద పెద్ద గోదాముల్లాంటివి కనిపిస్తే, "ఇందులో ఏం పెడతారు? వడ్లా?" అని అడిగాను. "కంప్యూటర్లన్నా. దునియాల ఇంటర్నెట్ అంత ఇందులకెల్లే పోతది" అన్నాడు రమణ. అంత పెద్ద కొట్లకి కాపలా కుక్క కూడా కనబడలేదు.

మనుషులంతా శనివారం స్కూలు హాల్లో దొరికారు. మూడొందల మంది పైనే, అంతా తెలుగువాళ్లు. పాటలయ్యాక పేరమ్మ స్టేజీ మీదికి వెళ్లింది. వెళ్లి అలవాటు ప్రకారం కిందికి దిగింది. పగటివేషానికి స్టేజీ ఉండదు, జనం దగ్గరికే పోవాలి. రెండో వరసలో ఒకాయన, ఇస్త్రీ చొక్కా, పక్కన భార్య. గరిటె ఆయన ముందు పెట్టి అడిగాను.

"ఏవయ్యా, ఉద్యోగం ఉందా, ఊడిందా?"

మన దగ్గర ఈ మాటకి ఎవడో ఒకడు "నువ్విచ్చే ఉప్మాకి ఉద్యోగం కూడానా పేరమ్మా" అంటాడు. జనం నవ్వుతారు. ఆట మొదలవుతుంది. ఇక్కడ ఆయన నేల వైపు చూశాడు. వెనక వరస నవ్వలేదు. ఆ వెనకా నవ్వలేదు. మూడొందల మంది ఊపిరి ఆపుకుంటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఇంకో రెండు మాటలు అని, స్టేజీ ఎక్కి, దండం పెట్టి లోపలికి వచ్చేశాను.

"ఏందన్నా, గా మాటనా అడిగేది?" రమణ తల పట్టుకున్నాడు. "ఈడ అందరి నౌకర్లు పోతున్నయ్. నౌకరి పోతే వీసా పోతది. వీసా పోతే ఇల్లు, కారు, పిల్లల బడి అన్నీ ఇడిసి పోవాలె. ఇంట్ల గూడ గా ముచ్చట తియ్యరు."

నాకు తెలీదు. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

రంగు కడుక్కుని భోజనాల దగ్గరికి వెళ్లేసరికి ఆ ఇస్త్రీ చొక్కా ఆయన కారులోకి వెళ్లిపోయాడు. ఆయన భార్య మాత్రం పులిహోర వడ్డిస్తోంది. నా ప్లేటులో వేసి, మెల్లిగా అంది: "ఉద్యోగం పోయి ఇరవై రోజులైందండీ. ఎవరికీ చెప్పలేదు. మీకు తెలీక అడిగారు, తినండి." ఆ పులిహోర చాలా బాగుంది. తినమన్నారు కాబట్టి మెతుకు మిగల్చకుండా తిన్నాను.

దారిలో వేరుశనక్కాయలు

మరునాడు వ్యాన్‌లో దక్షిణంగా బయల్దేరాం. ఆయన ఇంటికి వెళ్లి మన్నించమని అడిగొద్దాం అన్నాను. రమణ ఒప్పుకోలేదు. "ఇంక పెద్దగ చెయ్యకన్నా" అన్నాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. మోరిస్‌విల్‌లో నా ఆట తీసేశారు, పాటలే. ఆ పై వారం శాంటా క్లారాలో ఐదు నిమిషాలిస్తారు, అదీ ప్రశ్నలడగకపోతేనే.

ప్రశ్నలడగని పేరమ్మ అంటే పొయ్యి లేని బండి. ఆవిడ ఇక నవ్వించలేదని తేలితే శాంటా క్లారాలోనే విగ్గు వదిలేసి రావాలని మనసులో అనుకున్నాను. ఎవరితోనూ అనలేదు.

ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగాం. బయట ఒక నల్లావిడ గుండిగలో వేరుశనక్కాయలు ఉడకబెట్టి అమ్ముతోంది. తొక్కతో, ఉప్పు వేసి, అచ్చం మన సంతలోలాగే! గ్లాసుడు నాలుగు డాలర్లు. మన దగ్గర ఆ డబ్బుకి బస్తాలో సగం వస్తాయి. అయినా కొన్నాను. ఆవిడ నన్ను ఏదో పేరు పెట్టి పిలిచింది. ఏమిటని అడిగితే రమణ, "తేనె అంటున్నదన్నా నిన్ను" అన్నాడు. మా ఆవిడ ఇరవై ఏడేళ్లలో అనని మాట. ఇంకో గ్లాసు కొన్నాను.

మోరిస్‌విల్

ఇక్కడ నన్ను ఒక రిటైరైన డాక్టరమ్మగారింట్లో పెట్టారు. పేరు సుభద్రమ్మగారు, బాపట్ల ఆవిడ. అమెరికా వెళ్లి ముప్పై ఐదేళ్లయింది. ఒక్కరే ఉంటారు, కారు నడుపుతారు, పొద్దున్నే పెసరట్టు వేస్తారు, పక్కన నిలబడి ఎన్ని తిన్నానో లెక్కపెడతారు.

"ఇంకోటి వేసుకో. షుగరుందా?"

"లేదమ్మగారూ."

"ఎలా తెలుసు? ఎప్పుడు టెస్ట్ చేయించావ్?" అంటూ వేలు పొడిచి చూసేశారు. నిజంగానే షుగరు లేదు.

మూడో రోజు ఆవిడ బజారుకెళితే, ఐదు నిమిషాల ఆట కుదురుతుందేమో చూద్దామని వేషం కట్టి పెరట్లోకి వెళ్లాను. పెరటికి నడుం ఎత్తు చెక్క కంచె. అవతల ఒక తెల్లాయన టమాటా మొక్కలకి నీళ్లు పెడుతున్నాడు. డెబ్బై ఐదేళ్లుంటాయి, వంకర ముక్కు, నెత్తిన గడ్డి టోపీ. నన్ను చూసి, ఎవరో పెద్దావిడ అనుకుని, టోపీ ఎత్తి నమస్కారం పెట్టాడు.

రంగులో ఉన్నాను. సొంత మాట మాట్లాడకూడదు. కాబట్టి పేరమ్మే మాట్లాడింది, తెలుగులో.

"మొక్కకి నీళ్లు పోస్తున్నావా, స్నానం చేయిస్తున్నావా? వేర్లు కుళ్లవూ?"

ఆయన ఒక్క క్షణం నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. జాకెట్టు దగ్గర కాస్త ఆగాడు. అప్పుడు గొట్టం కింద పెట్టి, టోపీ తిప్పి పెట్టుకున్నాడు. రెండు చేతులూ పొట్ట మీద ముడేశాడు. గడ్డం లోపలికి పోయింది, మెడ మాయమైంది. ఆ నోట్లోంచి ఒక ఆడగొంతు వచ్చింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ గొంతు ఎవరిదో తెలిసింది. అద్దె ఇవ్వనివాణ్ణి మెట్ల మీద ఆపే ఇంటావిడ గొంతు.

పేరమ్మ అడిగింది. ఆవిడ ఇంగ్లీషులో తిప్పికొట్టింది. పేరమ్మ గరిటె చూపించింది. ఆవిడ ముక్కుతోనే దాన్ని పక్కకి తోసింది. పావుగంట అయిందో, అరగంట అయిందో. నీళ్లు పారి పారి నా కాళ్ల కిందికొచ్చాయి.

"ఇదేమిటయ్యా ఇది!" డాక్టరమ్మగారు సంచులతో గుమ్మంలో నిలబడ్డారు. "క్లైవ్! వాట్ హ్యాపెన్డ్ టు యువర్ వాయిస్? ఏడుకొండలూ, నువ్వు కూడా ఆపవేం?"

నేను సైగ చేసి కుళాయి దగ్గరికి పరిగెత్తి మొహం కడుక్కుని, అప్పుడు చెప్పాను. ఆయనా టోపీ తీశాడు. టోపీ తీయగానే ఆ ఇంటావిడ వెళ్లిపోయింది, మెడ తిరిగి వచ్చింది.

"పదకొండేళ్లుగా పక్కింట్లో ఉన్నాడు. టమాటాలు తప్ప ఏమీ చెప్పలేదు" అన్నారు డాక్టరమ్మగారు, కాస్త కోపంగా.

దొరగారింట్లో టీ

ఆ సాయంత్రం టీకి పిలిచాడు. పాలు పోసి మరిగించినట్టున్న చిక్కటి టీ, అమెరికాలో నేను తాగిన మొదటి సరైన టీ. ఆయన బిస్కెట్టు టీలో ముంచుకుని తిన్నాడు. నేనూ ముంచాను. "మీ ఇద్దరూ ఒక్క బళ్లోనే చదివారు" అన్నారు డాక్టరమ్మగారు. ఆవిడే మా ఇద్దరికీ మాట చేరవేశారు. మధ్యలో తన మాటలు కూడా కలిపారు, ఏది ఎవరిదో నేను పోల్చుకోవాల్సి వచ్చింది.

క్లైవ్‌గారిది ఇంగ్లండ్. అమెరికావాడు కాదు. తండ్రికి మాంసం దుకాణం. ఈయన సముద్రం ఒడ్డున సెలవులకి వచ్చేవాళ్ల ముందు ఆటలాడుతూ మొదలుపెట్టాడు. టీవీలో చిన్న చిన్న వేషాలు: తలుపు తట్టే పోలీసు, నిద్రపోయే జడ్జి. ఒకసారి ఒక నాటకంలో అద్దె గదుల ఇంటావిడగా నాలుగు నిమిషాలు కనిపించాడు. ఆ నాలుగు నిమిషాలకి బస్తాడు ఉత్తరాలొచ్చాయట. మిసెస్ డాసెట్ అని పేరు పెట్టి ఆవిడకి సొంత ప్రోగ్రాం ఇచ్చారు. తొమ్మిదేళ్లు. ఆల్బంలో ఫోటోలు చూపించాడు. తలకి వల, చెవులకి పూసలు, ఆ వంకర ముక్కు. రోడ్డు మీద ఎవరూ ఈయన్ని గుర్తుపట్టేవాళ్లు కాదు. ఆవిడ గొంతుతో తుమ్మితే చాలు, బస్సంతా లేచి నిలబడేది.

"తర్వాత?" అన్నాను.

"తర్వాత టీవీలో కొత్త ఆఫీసర్లొచ్చారట. 'ముసలావిడ చాలు' అన్నారట. అందరిదీ అదే కథలే" అన్నారు డాక్టరమ్మగారు.

తర్వాత మళ్లీ స్టేజీ. అక్కడ క్రిస్మస్ రోజుల్లో పిల్లల కోసం నాటకాలాడతారట. వాటిలో ముసలావిడ వేషం మగవాడే కట్టడం వాళ్ల ఆచారం. నాకు ఒళ్లు పులకరించింది. మాలాంటివాళ్లు అక్కడా ఉన్నారన్నమాట! ఇరవై క్రిస్మస్‌లు ఊరూరా ఆడాడు. భార్య పోయాక కూతురు దగ్గర ఉందామని ఇటు వచ్చాడు.

"ఇక్కడ నన్నెవరూ ఎరగరు, హాయిగా ఉందంటున్నాడు" అని చెప్పి, డాక్టరమ్మగారు ఆయన వైపు తిరిగి, "అబద్ధం" అన్నారు. ఆ మాట ఆయనకి ఎలా అర్థమైందో, తలూపాడు.

నేను ఆష్‌బర్న్ సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. లేచి నా గరిటె అడిగి తీసుకుని, దాన్ని నా మొహం ముందు పెట్టాడు, నేను ఆయన ముందు పెట్టినట్టే. నేను వెనక్కి జరిగాను.

"పేరమ్మ చేతిలో ఇది ఉంది. జనం చేతిలో ఏముంది? అని అడుగుతున్నాడు" అన్నారు డాక్టరమ్మగారు.

నేను నా ఖాళీ చేతులు చూసుకున్నాను.

"గనులు మూతపడిన ఊళ్లో నాకూ ఇలాగే అయింది అంటున్నాడు. మీ ఆయన ఏం చేస్తాడమ్మా అని ముందు వరసలో అడిగాట్ట. పన్నెండు వందల మంది, చప్పుడు లేదు. మర్నాటి నుంచి మిసెస్ డాసెట్‌ని కుర్చీలోంచి దింపేశాట్ట. కింద కూర్చోబెట్టాట్ట. తిట్టడం జనానికి వదిలేశాట్ట." డాక్టరమ్మగారు గరిటె ఆయన చేతిలోంచి తీసుకుని నాకిచ్చారు. "నాకూ సబబుగానే ఉందయ్యా."

మర్నాడు డాక్టరమ్మగారి ఫోను నుంచి ఆష్‌బర్న్ ఆయనకి ఫోను చేశాను. నంబరు రమణ దగ్గర బతిమాలి తీసుకున్నాను. ఆయన్ని ఇక్కడ ప్రసాద్‌గారు అంటాను, అసలు పేరు అది కాదు.

"బాబుగారూ, ఏడుకొండల్ని. ఇది నా సొంత గొంతు. ఆటలో తప్పు మాట అన్నాను. మన్నించండి."

ప్రసాద్‌గారి నవ్వు చిన్నగా వినబడింది.

"ఏం మన్నించడమండీ. ఇరవై రోజులు రోజూ టై కట్టుకుని లైబ్రరీకెళ్లి కూర్చున్నాను. మీరు అడిగాక దాచేదేముంది? మర్నాడే నలుగురు ఫోన్ చేసి రెజ్యూమె పంపమన్నారు. ఇవాళ కూడా ఇంటర్వ్యూ అయింది."

"ఏం అడిగారు?"

"అదే! ప్రతివాడూ అదే. ఐదేళ్ల తర్వాత నిన్ను నువ్వు ఎక్కడ చూసుకుంటున్నావ్? అరే, ఐదు వారాల తర్వాత ఏ దేశంలో ఉంటానో తెలీదు నాకు! నీ వీక్‌నెస్ చెప్పు అంటాడు. చెబితే ఉద్యోగం ఇస్తాడా?"

ఆయన చెబుతున్నాడు, నేను నవ్వుతున్నాను, ఆయనా నవ్వుతున్నాడు. అప్పుడు నాకు తట్టింది.

"బాబుగారూ, ఈ ప్రశ్నలు నాకిస్తారా?"

"తీసుకోండి. నాకెందుకూ పనికిరాలేదు."

శాంటా క్లారా

ఇక్కడ ఎండ మన మాఘమాసం ఎండలా ఉంటుంది. చెట్లకి నిమ్మకాయలు, కోసేవాడు లేడు, కింద రాలి ఉన్నాయి. ఒక హోటల్లో ఇడ్లీ తిన్నాను, రెండిటికి ఆరు డాలర్లు. పేరమ్మ చూస్తే ఆ హోటలువాడి చెవి మెలిపెట్టేది. చట్నీ మాత్రం అడక్కుండానే రెండోసారి పోశాడు.

హాల్లో ఆష్‌బర్న్ కంటే జనం ఎక్కువ. స్టేజీ పక్కన రమణ ఐదు వేళ్లు చూపించాడు.

"ఐదు నిమిషాలన్నా. క్వశ్చన్లు అడగొద్దు. నీ కాళ్లు మొక్కుత."

"నేను ఒక్కటీ అడగను" అన్నాను. అది నిజమే.

పేరమ్మ వెళ్లింది. చంకలో ఫైలు, నడకలో భయం. ముందు వరస దగ్గరికి వెళ్లి, గరిటె ఒకాయన చేతిలో పెట్టి, కింద నేల మీద చతికిలపడి చేతులు కట్టుకుంది.

"అయ్యా, మా ఊళ్లో బండి ఎత్తేశారు. ఉద్యోగానికొచ్చాను. గరిటె ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ఆఫీసరు. అడగండి."

ఎవరూ కదల్లేదు. మోరిస్‌విల్ ముసలాయన చెప్పినట్టు కిందే కూర్చున్నాను. గరిటె పట్టుకున్నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"సో... టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్, పేరమ్మగారూ."

"చెప్పుకోదగ్గవి ఫైల్లో ఉన్నాయి బాబూ. మిగతావి మా అత్తగారు చెబుతుంది."

ఎక్కడో ఒక నవ్వు. గరిటె పక్కవాడు లాక్కున్నాడు.

"ఎక్స్‌పీరియన్స్ ఎంత?"

"పొయ్యి ముందు ముప్పై రెండేళ్లు. పొగలో ఇంకో పది."

"టీమ్‌తో పని చేశారా?"

"నా కింద నలుగురు చేశారు. ముగ్గురు పారిపోయారు. నాలుగోవాడికి కాలు నొప్పి."

గరిటె ఇప్పుడు వరసలు దాటి వెళుతోంది, నేను పంపడం లేదు. ఒక అమ్మాయి లేచి నిలబడి అందుకుంది.

"వేర్ డూ యూ సీ యువర్‌సెల్ఫ్ ఇన్ ఫైవ్ ఇయర్స్?"

"అద్దంలోనేనమ్మా. నువ్వెక్కడ చూసుకుంటావు?" నోరు జారింది, అడగనని చెప్పాను కదా. చెంపలేసుకున్నాను. "తప్పు, తప్పు, గరిటె నీ దగ్గరుంది."

హాలంతా నవ్వింది. రమణ వేళ్లు దించేశాడు. వీక్‌నెస్ అడిగారు, సాంబారు అని చెప్పాను. మధ్యలో మూడు నెలలు ఖాళీ ఎందుకుందని అడిగారు, బండి పోలీసు స్టేషన్లో ఉంది, నేను స్టేషన్ బయట ఉన్నాను అని చెప్పాను. మగవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. తమని ఎన్నిసార్లు అడిగారో, అన్నిసార్లూ అడిగేశారు ఆ రోజు.

చివరికి గరిటె ఒక నలభై ఏళ్లావిడ చేతికి వెళ్లింది. ఆఫీసు బట్టలు, ఆఫీసు నుంచే వచ్చినట్టుంది. ఆవిడ నవ్వకుండా, వరసగా అన్నీ అడిగేవాళ్ల గొంతుతో అడిగింది.

"ముందు ఉద్యోగం ఎందుకు వదిలేశారు?"

జవాబు తయారుగా ఉంది నా దగ్గర. చట్నీ పులిసిందని చెప్పాలి. కానీ ఆవిడ గరిటెని రెండు చేతులతో బిగించి పట్టుకుంది. ఆ ప్రశ్న ఈ వారంలోనే ఎవరో ఆవిణ్ణి అడిగారని తెలిసిపోయింది. పేరమ్మ తల దించుకుంది. చట్నీ మాట వదిలేశాను.

వెనక వరసలోంచి ఒక గొంతు గట్టిగా వచ్చింది.

"చెప్పకు పేరమ్మా! మాలో ఎవడూ నిజం చెప్పలా!"

ముందు నవ్వింది ఆవిడే. పగలబడి నవ్వింది, గరిటె గుండెకి ఆనించుకుని. ఆ వెనక హాలు. పదిహేనేళ్లలో అంత పెద్ద నవ్వు నేను వినలేదు. ఆ నవ్వు తగ్గుతుంటే మళ్లీ ఎవరో అందుకునేవాళ్లు. ఐదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి, చూసేవాడెవడూ లేడు.

ఆవిడ ముందు వరస దగ్గరికి నడిచి వచ్చి, గరిటె పేరమ్మ చేతికి తిరిగి ఇచ్చింది.

"యూ ఆర్ హైర్డ్" అంది. "ఎప్పుడు జాయినవుతారు?"

"రేపు పొద్దున్నేనమ్మా" అంది పేరమ్మ, చీర కుచ్చిళ్లు సర్దుకుని లేస్తూ. "పప్పు ఎంతమందికి నానబెట్టమంటారు?"

హాల్లో ఉన్నవాళ్లంతా చేతులెత్తారు. స్టేజీ పక్కన రమణ కూడా, ఫోను జేబులో పెట్టేసి, రెండు చేతులూ.